ఫ్లైవీల్ ఎందుకు పగులుతుంది? – గానుగ షెడ్డులో మిగిలిన ఒక ఇనుప ముక్క కథ

– పూర్వ విద్యార్థి, ఎం.టెక్., తిరుపతి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ మనలో చాలామంది అమ్మానాన్నలు యంత్రాల పక్కన నిలబడి కూలి చేసేవాళ్లే. గానుగ, రైసుమిల్లు, వేరుశెనగ కాయలు కొట్టే మిషను, బోరు ఇంజను – ఏదో ఒకటి మన ఇళ్లకు అన్నం పెట్టింది. అలాంటి యంత్రంలో ఒక భాగం గురించి నాకు తెలిసింది చెబితే ఎవరికైనా పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ భాగం పేరు ఫ్లైవీల్. ఇంజనుకు పక్కన గుండ్రంగా, బరువుగా తిరిగే పోత ఇనుప చక్రం.

ఆ రోజు జరిగింది

2013 జనవరి. నేను ఆరో తరగతి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాను. మాది చిత్తూరు పక్కన చెరుకు పండే పల్లె. ఇరాల, పెనుమూరు, పూతలపట్టు, తవణంపల్లె వైపు వెళ్లినవాళ్లకు తెలుసు, ఆ కాలంలో ఏ దారిలో పోయినా బెల్లం వాసనే. మా నాయన ఒక బెల్లం షెడ్డులో ఇంజను చూసుకునే పని చేసేవాడు. ఆ సంవత్సరం కరెంటు కోతలు ఎక్కువ. నరికిన చెరుకు రెండు మూడు రోజులు నిలవుంటే రసం తగ్గుతుంది, బెల్లం సరిగా గడ్డకట్టదు. అందుకని మూలన పెట్టిన పాత డీజిల్ ఇంజనును మళ్లీ గానుగకు బిగించారు. నిమిషానికి 650 చుట్లు తిరిగే పాత రకం ఇంజను అది. రెండు పక్కలా రెండు ఫ్లైవీళ్లు.

భోగికి ముందు రోజు ఇంజను కడుగుతూ నాయన ఒక ఫ్లైవీల్ మధ్యలో, ఇరుసు దూరే చోట, వెంట్రుకంత గీత చూశాడు. చిన్న సుత్తితో రెండు చక్రాలనూ తట్టి చూశాడు. ఒకటి గంటలా మోగింది. రెండోది బొద్దుగా పలికింది. పోయి షెడ్డు యజమానికి చెప్పాడు.

"సామీ, ఆ చక్రం చీలింది. మార్చాల."

"అది చీలిక కాదు, పోతలో పడిన గీత. పండగ బేరం పోతుంది, ముందు ఆడించు. పండగ కానీ, చూద్దాం."

నాయన మారుమాట్లాడలేదు. కానీ ఆ సాయంత్రం ఒక పని చేశాడు. గానుగలో చెరుకు పెట్టేవాళ్లు చక్రానికి సూటిగా ఉన్న గోడ పక్కన కూర్చునేవాళ్లు. చెరుకు మోపులన్నీ తీయించి వాళ్ల చోటును ఇంజను పక్కకు మార్చాడు. అడిగినవాళ్లకు "ఆడ పొగ జాస్తి" అన్నాడు.

మరుసటి పొద్దున నేను సద్ది తీసుకుపోయాను. గానుగ నిండా చెరుకు పట్టి బెల్టు జారి కింద పడింది. బరువు ఒక్కసారిగా తీసేసరికి ఇంజను శబ్దం పెరిగింది. తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. నాయన డీజిల్ ఆపడానికి పరుగెత్తాడు. చెయ్యి పడేలోపే పెద్ద చప్పుడు. చక్రం మధ్యలో రెండుగా చీలి, ఒక చెక్క రేకుల గోడను చించుకొని బయట పిప్పి కుప్పలో పడింది. ముందు రోజు వరకు నలుగురు ఆడవాళ్లు కూర్చున్న చోటు మీదుగానే అది పోయింది. ఒక చిన్న ముక్క మాత్రం నాయన పిక్కకు తగిలింది. ఎవరి ప్రాణమూ పోలేదు.

నాయన మూడు నెలలు మంచంలో ఉన్నాడు. యజమాని వచ్చి, "చీలను అతిగా కొట్టి నువ్వే పగలగొట్టినావు" అని చెప్పి రావలసిన కూలి కూడా పట్టుకున్నాడు. నాయన దగ్గర సాక్ష్యం ఏమీ లేదు. విరిగిన చక్రం ముక్కల్లో ఒకదాన్ని మా అమ్మ గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చింది. చాలా ఏళ్లు అది మా తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపే రాయిగా ఉండింది.

ఇనుము ఎందుకు పగిలింది? నేను ఇంజనీరింగ్ వైపు రావడానికి ఆ ప్రశ్నే కారణం. ఇప్పుడు నాకు తెలిసిన జవాబు చెబుతాను.

అసలు ఫ్లైవీల్ ఎందుకు?

మన పల్లెల్లో కనిపించే ఒక సిలిండరు డీజిల్ ఇంజన్లు ఎక్కువగా ఫోర్ స్ట్రోక్ రకం. ఇరుసు రెండు చుట్లు తిరిగితే అందులో అర చుట్టు మాత్రమే డీజిల్ మండి పిస్టన్‌ను తోస్తుంది. మిగతా చుట్టున్నరలో గాలి పీల్చాలి, ఆ గాలిని అదమాలి, పొగను బయటికి నెట్టాలి. ఈ పనులకు బలం ఎక్కడినుంచి వస్తుంది? ఫ్లైవీల్ నుంచి. తోపు వచ్చినప్పుడు శక్తిని దాచుకొని, తోపు లేనప్పుడు తిరిగి ఇస్తుంది. కుమ్మరి సారెను చూడండి. కర్రతో ఒకసారి తిప్పి వదిలితే కుండ తయారయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. బరువంతా అంచున ఉండడమే దాని రహస్యం. ఫ్లైవీల్ కూడా అంతే.

దాచుకునే శక్తి ఎంతో లెక్క వేద్దాం. చక్రం అంచున ఉన్న బరువు 100 కిలోలు అనుకుందాం. ఆ బరువు సెకనుకు సుమారు 19 మీటర్ల వేగంతో తిరుగుతుంటే అందులోని శక్తి దాదాపు 18,000 జౌళ్లు. ఇది 50 కిలోల బియ్యం మూటను పన్నెండంతస్తుల మేడ మీదినుంచి కిందికి వదిలితే వచ్చే దెబ్బతో సమానం. ఇంజను పక్కన నిలబడినవారు రోజంతా అంత శక్తి పక్కన నిలబడినట్లే. చక్రం ఒక్కటిగా ఉన్నంతసేపు అది మనకు చాకిరీ చేస్తుంది. ముక్కలైతే ఆ శక్తి ఎటు పోతుందో దానికే తెలియదు.

పోత ఇనుము స్వభావం

ఫ్లైవీళ్లను ఎక్కువగా పోత ఇనుముతో చేస్తారు. వర్క్‌షాపుల్లో దీన్ని బీడు అంటారు. చవక. ఇసుక అచ్చులో పోస్తే ఏ ఆకారమైనా వస్తుంది. అదురును బాగా తట్టుకుంటుంది. కానీ ఇందులో కార్బన్ ఎక్కువ, సుమారు నూటికి మూడు పాళ్లు. ఆ కార్బన్ ఇనుము లోపల సన్నని రేకుల్లా, గ్రాఫైట్ రూపంలో పేరుకుంటుంది. పెన్సిల్ ములుకులో ఉండేది ఇదే గ్రాఫైట్. దానికి బలం ఏమీ లేదు కాబట్టి ఒక్కో రేకూ ఇనుము లోపల ఒక చిన్న చీలికలాగే పనిచేస్తుంది.

బెల్లం అచ్చును గుర్తు తెచ్చుకోండి. అచ్చు మీద అచ్చు పెట్టి లారీ నిండా పేర్చినా కింది అచ్చు నలగదు. అదే అచ్చును రాయి అంచున పెట్టి కొడితే టక్కున రెండవుతుంది. ముందుగా వంగదు, సాగదు. పోత ఇనుము కూడా అంతే. అదిమితే మోసే బలం, లాగితే ఆగే బలం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఉక్కు అయితే తెగేముందు సాగి హెచ్చరిస్తుంది. పోత ఇనుము హెచ్చరించదు.

మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 210 ప్రకారం ఈ ఇనుమును ఎఫ్.జి. 150, ఎఫ్.జి. 200 వంటి గ్రేడ్లుగా విభజించారు. ఆ అంకె దాని లాగుడు బలం. ఎఫ్.జి. 150 అంటే చదరపు మిల్లీమీటరుకు కనీసం 150 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలి.

వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు

చేలో పిట్టలను తోలే వడిసెల మీలో కొందరు చూసి ఉంటారు. రాయి పెట్టి తిప్పుతుంటే తాడు చేతిని లాగుతుంది. ఎంత వేగంగా తిప్పితే అంత గట్టిగా లాగుతుంది. తాడు వదిలితే రాయి సూటిగా ఎగిరిపోతుంది. ఫ్లైవీల్ అంచులోని ప్రతి ముక్కా ఆ రాయి లాంటిదే. బయటికి పోవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచే తాడు కూడా ఆ ఇనుమే.

పలుచని అంచులో వచ్చే లాగుడును లెక్కించడానికి చిన్న సూత్రం ఉంది: ఇనుము సాంద్రతను అంచు వేగపు వర్గంతో గుణించాలి. అంతే. ఇందులో అంచు మందం లేదు గమనించండి. మందం పెంచితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కానీ మందంతోపాటు బయటికి లాగే బరువు కూడా పెరుగుతుంది. రెండూ సరిపోతాయి. మందమైన చక్రమైనా పలుచని చక్రమైనా ఒకే వేగానికి ఒకే లాగుడు.

ఇప్పుడు మా షెడ్డు ఇంజను లెక్క చూద్దాం. చక్రం అడ్డం 60 సెంటీమీటర్లు, నిమిషానికి 650 చుట్లు అనుకోండి. అంచు వేగం సెకనుకు 20 మీటర్లకు కొంచెం ఎక్కువ. అంటే గంటకు 73 కిలోమీటర్లు, తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే బస్సు వేగం. పోత ఇనుము సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 7,200 కిలోలు. గుణిస్తే లాగుడు చదరపు మిల్లీమీటరుకు 3 న్యూటన్లు. ఇనుము బలం 150. యాభై రెట్లు తేడా!

వేగం రెట్టింపై 1,300 చుట్లు అయితే లాగుడు 12 న్యూటన్లు. మూడింతలై 1,950 అయితే 27. తేడా యాభై రెట్ల నుంచి అయిదున్నర రెట్లకు పడిపోయింది. పైగా ఇది అంచు ఒక్కదాని లెక్క. ఆకుల దగ్గర అంచు వంగడం వల్ల వచ్చే ఒత్తిడి, పోతలో మిగిలిన ఒత్తిడి దీనికి అదనం. అందుకే పాతకాలం ఇంజనీర్లు పోత ఇనుప చక్రం అంచు వేగం నిమిషానికి ఒక మైలు దాటకూడదని మోటు నియమం పెట్టుకున్నారు. అది సెకనుకు సుమారు 27 మీటర్లు. తర్వాతి పుస్తకాల్లో సెకనుకు 30 మీటర్ల దాకా ఒప్పుకున్నారు.

ఇందులో మనకు నేరుగా పనికొచ్చే మాట ఒకటుంది. 650 చుట్ల ఇంజను చక్రాన్ని తీసి 1,500 చుట్ల ఇంజనుకు బిగిస్తే అంచు వేగం సెకనుకు 47 మీటర్లవుతుంది. పాత సామాన్ల అంగడిలో చవకగా దొరికిందని అలా ఎన్నడూ చేయకూడదు.

పగలగొట్టి చూసిన ప్రొఫెసరు

వంద సంవత్సరాల కిందట ఆవిరి ఇంజన్ల కాలంలో అమెరికాలో ఫ్లైవీళ్లు తరచుగా పేలేవి. ఆవిరి బాయిలర్లకు ఉన్నట్లే ఫ్లైవీళ్లకూ అక్కడ బీమా ఉండేది. క్లీవ్‌లాండ్ నగరంలోని కేస్ స్కూల్ ఆఫ్ అప్లైడ్ సైన్స్‌లో ప్రొఫెసర్ సి. హెచ్. బెంజమిన్ 1890ల చివర్లో చిన్న చిన్న పోత ఇనుప చక్రాలు చేయించి, పగిలేదాకా తిప్పి చూశాడు.

అంచు ఒకే ముక్కగా పోసిన చక్రాలు సెకనుకు సుమారు 395 అడుగుల వేగం దగ్గర పగిలాయి. అంటే 120 మీటర్లు. పై సూత్రం ప్రకారం లాగుడు వంద న్యూటన్లు దాటినట్టు. అంచును ముక్కలుగా చేసి లోపలివైపు బోల్టులతో కలిపిన చక్రాలు దాదాపు సగం వేగానికే పగిలాయి. సగం వేగం అంటే బలంలో నాలుగో వంతే మిగిలిందన్నమాట. చక్రం ఎంత పెద్దది, ఎంత బరువు అన్నదానికంటే దానిలో బలహీనమైన చోటు ఎక్కడుంది అన్నదే ముఖ్యమని ఆ ప్రయోగాలు చూపించాయి.

మా షెడ్డు చక్రం సెకనుకు 120 మీటర్లు చేరాలంటే నిమిషానికి 3,800 చుట్లు తిరగాలి. ఆ ఇంజను అంత వేగం అందుకునేది కాదు. కాబట్టి చక్రం బాగుండి ఉంటే ఆ రోజు వేగం పెరిగినా పగిలేది కాదనే నా లెక్క. పగిలింది కాబట్టి అది ముందే బాగాలేదు.

మరి చక్రాన్ని పాడుచేసేవి ఏమిటి?

మొదటిది చీల. చక్రాన్ని ఇరుసుకు బిగించడానికి ఏటవాలుగా ఉండే ఇనుప చీలను గాడిలో కొడతారు. మెకానిక్కులు దాన్ని గిబ్ కీ అంటారు. కట్టెలు చీల్చడానికి మేకు ఎలా పనిచేస్తుందో, అతిగా కొడితే ఇది కూడా చక్రం బొడ్డును అలాగే చీలుస్తుంది. వదులుగా ఉన్నా ప్రమాదమే. ఇంజను తోసిన ప్రతిసారీ చక్రం కదిలి గాడి మూలను కొడుతూ ఉంటుంది. చీలిక సాధారణంగా ఆ మూలలోనే పుడుతుంది.

రెండోది పోత లోపం. పలుచని ఆకులు ముందు చల్లారుతాయి, లావాటి అంచు, బొడ్డు తర్వాత చల్లారుతాయి. ఒకటి ముందు, ఒకటి వెనక ముడుచుకోవడం వల్ల చక్రం తిరగకముందే లోపల లాగుడు ఉంటుంది. కొన్ని పాత చక్రాల ఆకులు వంకరగా ఉంటాయి చూడండి. అది అందం కోసం కాదు, ముడుచుకునేటప్పుడు కాస్త సర్దుకోవడానికి. నాసిరకం పోతలో గాలి బుడగల గుంటలు కూడా ఉంటాయి. వాటిని లప్పం పెట్టి రంగు వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు.

మూడోది దెబ్బలు. లారీ మీదినుంచి దొర్లించడం, చక్రాన్ని ఊడదీయడానికి సమ్మెటతో కొట్టడం. బయటికి ఏమీ కనిపించదు. లోపల వెంట్రుకంత చీలిక పడుతుంది. షాంపూ ప్యాకెట్టును చేత్తో లాగితే చిరగదు, అంచున చిన్న గాటు ఉంటే సులువుగా చిరుగుతుంది కదా. లాగుడంతా ఆ గాటు కొనకు చేరుతుంది. చీలిక ఉన్న చక్రానికి యాభై రెట్ల తేడా అనే ధీమా వర్తించదు.

నాలుగోది గవర్నరు. బరువు తగ్గగానే డీజిల్ తగ్గించి వేగాన్ని అదుపులో ఉంచేది అదే. దుమ్ము, చెరుకు రసపు జిగురు పట్టి దాని కడ్డీలు బిగుసుకుపోతే ఇంజను పరుగు అందుకుంటుంది. ఎక్కువ చెరుకు ఆడాలని గవర్నరు స్ప్రింగును బిగించి వేగం పెంచేవాళ్లు ఉన్నారు. నూటికి ఇరవై వేగం పెంచితే పని ఇరవై పెరుగుతుందేమో, చక్రంలో లాగుడు మాత్రం నలభై నాలుగు పెరుగుతుంది.

మనం చేయగల పరీక్షలు

వీటికి ప్రయోగశాల అవసరం లేదు. ఇంజను పూర్తిగా ఆపి, బెల్టు తీసిన తర్వాతే చేయాలి.

1. తట్టి వినడం. చిన్న సుత్తితో అంచు మీద మెల్లగా తట్టండి. బాగున్న చక్రం మోగుతుంది. చీలింది బొద్దుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు మన అవ్వలు చేసే పరీక్షే ఇది. ఇరుసు మీద బిగించిన చక్రం తక్కువగా మోగుతుంది కాబట్టి, రెండు చక్రాలుంటే ఒకదానితో ఒకటి పోల్చాలి. మోగినంత మాత్రాన పూర్తిగా బాగున్నట్టు కాదు. మోగకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

2. సుద్ద పరీక్ష. బొడ్డు చుట్టూ, చీల గాడి మూలల్లో, ఆకుల మొదట్లో జిడ్డు, రంగు తీసి కిరోసిన్ గానీ డీజిల్ గానీ రాయండి. కాసేపయ్యాక పొడిగా తుడిచి సుద్ద పొడి చల్లండి. చీలిక ఉంటే లోపలికి పోయిన నూనె బయటికి ఊరి తెల్లటి పొడి మీద సన్నని గీతగా కనిపిస్తుంది.

3. చీల చుట్టూ చూడడం. గాడి పక్కన ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే చక్రం ఇరుసు మీద కదులుతోందని అర్థం.

4. చుట్లు లెక్కించడం. ఇంజను పేరు పలక మీద ఆర్.పి.ఎం. రాసి ఉంటుంది. టాకోమీటరుతో ఏడాదికి ఒకసారైనా చూపించి, అంతకు మించకుండా సరిచేయించాలి.

చీలిక కనబడితే వెల్డింగ్ పెట్టించి మళ్లీ వాడదామని అంటారు. ఫ్లైవీల్ విషయంలో ఒప్పుకోవద్దు. పోత ఇనుముకు వెల్డింగ్ పెట్టినచోట పక్క భాగం గట్టిపడి మరింత పెళుసవుతుంది. చీలిన చక్రం పాత ఇనుము కింద తూకానికి వేయవలసిందే.

ఎక్కడ నిలబడాలి, ఎలా ఆపాలి

చక్రం ఊడి దొర్లితే ఏ గీత వెంట పోతుందో ఆ గీత మీద, ముందూ వెనకా, ఎవరూ కూర్చోకూడదు, పసిపిల్లలను పడుకోబెట్టకూడదు. పగిలిన ముక్కలు ఎక్కువగా ఆ గీత వెంటే, పైకి కూడా పోతాయి. ఇంజనుకు పక్కన ఉంటే ప్రమాదం తక్కువ. మా నాయన చెరుకు మోపులు జరిపించింది ఇందుకే.

చక్రం చుట్టూ జాలీ తప్పక ఉండాలి. కానీ పలుచని జాలీ పగిలిన చక్రాన్ని ఆపుతుందని నమ్మవద్దు. అది చీర కొంగులనూ తువ్వాళ్లనూ చేతులనూ కాపాడుతుంది. అదే పెద్ద మేలు.

ఇంజను పరుగు అందుకుంటే మొదట డీజిల్ ఆపే మీట. డీకంప్రెషన్ మీట ఉన్న ఇంజనైతే దాన్నీ ఎత్తాలి. ఇంజను తన ఆయిల్‌నే పీల్చి మండిస్తుంటే డీజిల్ ఆపినా ఆగదు. అప్పుడు గాలి పీల్చే గొట్టాన్ని మందపాటి చెక్కతో మూయాలి, చేత్తో కాదు. ఇవి చేయాలంటే చక్రం గీతను దాటాల్సి వస్తే వదిలేసి పక్కకు పరుగెత్తాలి. ఇంజను పోతే ఇంకోటి వస్తుంది.

చట్టంలో ఉన్న మాట

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లో, ఇంజనుకు కలిపిన ప్రతి ఫ్లైవీల్‌కూ గట్టి కంచె ఉండాలని పేరు పెట్టి రాశారు. అయితే ఆ చట్టం కింద కరెంటుతో గానీ ఇంజనుతో గానీ నడిచే చోట పదిమంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీగా లెక్కలోకి వచ్చేది. పార్లమెంటు 2020లో చేసిన కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను ఇరవైకి పెంచారు. ఏడెనిమిది మంది పనిచేసే బెల్లం షెడ్డు రెండింటికీ అందదు. చక్రానికి మాత్రం పక్కన ఎంతమంది ఉన్నారో తెలియదు. కాబట్టి అక్కడ పనిచేసేవారికి తెలిసి ఉండడమే మొదటి కంచె.

ఇప్పుడు ఇదంతా ఎందుకు?

మన జిల్లాల్లో పొలాలకు 2004 నుంచి ఉచిత కరెంటు వచ్చాక డీజిల్ ఇంజన్లు తగ్గాయి, చాలా గానుగలకు మోటార్లు వచ్చాయి. నిజమే. కానీ పాత ఇంజన్లు చెడిపోలేదు, చేతులు మారాయి. జనరేటర్లకు, రేకులు కత్తిరించే ప్రెస్సులకు ఇప్పటికీ ఫ్లైవీళ్లున్నాయి. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌కు వెళ్లే తమ్ముళ్లు రోజూ పట్టుకునే గ్రైండింగ్ డిస్క్‌కూ ఇదే సూత్రం. నాలుగు అంగుళాల డిస్క్ మీద సెకనుకు 80 మీటర్లు అని రాసి ఉంటుంది, చూడండి. గార్డు తీసేసి పెద్ద డిస్క్ బిగించేవాడిని చూస్తే, వేగపు వర్గం సంగతి వాడికి చెప్పండి.

ఆ ముక్క చెప్పిన సాక్ష్యం

బీటెక్ మూడో సంవత్సరంలో మెటీరియల్స్ ల్యాబ్‌లో విరిగిన లోహపు ముఖాలను పరీక్షించడం నేర్పారు. కొత్తగా విరిగిన పోత ఇనుము ముఖం బూడిదరంగులో, గింజలు గింజలుగా ఉంటుంది. ముందే చీలి ఉన్న భాగంలోకి నూనె, మసి, తడి చేరి నల్లగా, తుప్పుగా మారుతుంది. ఆ మాట వినగానే నాకు మా తలుపు దగ్గరి ముక్క గుర్తొచ్చింది. ఆ వారమే ఊరికి పోయి తెచ్చాను. ఇన్నేళ్లలో పైన తుప్పు పట్టింది కానీ, ఒక మూల కొంచెం కోసి, తుడిచి చూస్తే తేడా స్పష్టంగా ఉంది. చీల గాడి మూల నుంచి దాదాపు మూడో వంతు దాకా నూనె ఇంకిన నల్లటి మరక. మిగతాది వేరే రంగు. అంటే ఆ చక్రం ఆ రోజుకు చాలా ముందే చీలడం మొదలైంది. ఒక్క రాత్రిలో చీల కొట్టడం వల్ల వచ్చింది కాదు.

సెలవుల్లో ఇంటికి పోయి, లాంతరు గ్లాసంత ముక్కను నాయన చేతిలో పెట్టి నల్లటి భాగం చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"నేను ఆ పొద్దే చెప్పినా గదప్పా" అన్నాడు.

అంతకుమించి ఏమీ అనలేదు. పట్టుకున్న కూలి రాలేదు, ఇక రాదు. ఆయన ఇప్పటికీ కాస్త కుంటుతూనే నడుస్తాడు. కానీ తొమ్మిదేళ్లు మోసిన నింద ఆ రోజు మా ఇంట్లో దిగింది.

తమ్ముళ్లారా, నాయనకు సూత్రం తెలియదు, చక్రం సంగతి తెలుసు. నాకు సూత్రం తెలిసింది, దాన్ని ఆయన దగ్గరికి తీసుకుపోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మీలోనూ చాలామంది అంతే. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ అమ్మానాన్నలు ఏ యంత్రం దగ్గర పనిచేస్తున్నారో ఒకసారి వెళ్లి చూడండి. వాళ్లకు ఏం అనుమానంగా ఉందో ముందు అడగండి. తర్వాత మీరు చదివిన లెక్క చెప్పండి. పూర్వ విద్యార్థుల్లో మెకానిక్కులుగా, ఇంజనీర్లుగా స్థిరపడిన అన్నలు ఒక ఆదివారం వచ్చి ఈ తట్టి చూసే పరీక్ష, సుద్ద పరీక్ష మన పిల్లలకు చేసి చూపిస్తే బాగుంటుంది. నేను వస్తాను. ఆ ముక్క కూడా తెస్తాను.